ఆకు కింద నూగు

బాటనీ ప్రాక్టికల్ పరీక్షలో బల్ల మీద పెట్టిన మొక్కను ముట్టుకోకూడదు. ఈ రూలు ఎవరు పెట్టారో, ఎక్కడ రాసి ఉందో ఎవరూ చెప్పలేరు గానీ అందరూ పాటిస్తారు. పొడుగు బల్ల మీద తెల్లటి ట్రేలు వరసగా ఉంటాయి. ఒకదాంట్లో కొమ్మ, ఒకదాంట్లో కాయ, ఒకదాంట్లో వేరు. వీటిని స్పాటర్లంటారు. పిల్లలు చేతులు వెనక్కి కట్టుకుని వాటి ముందు నిలబడాలి, చూసి పేరూ లక్షణాలూ రాయాలి, గంట మోగగానే పక్క ట్రేకి జరగాలి. గర్భగుడి ముందు నిలబడినట్టే, దర్శనం తప్ప స్పర్శ లేదు. ఉమ్మెత్త కాయకో, తుమ్మి కొమ్మకో ఈ రూలు సరిపోతుంది. కలువకు సరిపోదు. కలువల్లో ఏది ఏదో తేల్చాలంటే ఆకు తిప్పి చూడాల్సిందే.

ఆ మాట క్లాసులో చెప్పీ చెప్పీ డయానా అలిసిపోయింది. పువ్వు రంగు చూసి పేరు పెట్టెయ్యకండి, రంగు మోసం చేస్తుంది అనేది. నల్లకలువ అని జనం పిలిచే నీలం పువ్వు పగలు పూస్తుంది, దాని పేరు నింఫియా నౌచాలి. ఆకు అంచు కాస్త అలలు తిరిగి ఉంటుంది, అడుగున నున్నగా ఉంటుంది. తెల్లకలువ చీకటిపడ్డాక విచ్చుకుంటుంది, అది నింఫియా ప్యూబిసెన్స్. దాని ఆకు అంచంతా రంపం పళ్ళు, అడుగున మెత్తటి నూగు. ఆ నూగు కంటికి సరిగ్గా ఆనదు, వేలికి తగులుతుంది. ఇక తామరని అందరూ వీటికి అక్కో చెల్లో అనుకుంటారు గానీ దానికీ వీటికీ చుట్టరికమే లేదు, ఒకే చెరువులో ఇరుగూ పొరుగూ, అంతే. ఇదంతా చెబుతుంటే వెనక బెంచీల్లో ఫోన్లు వెలుగుతూ ఉండేవి. వెలిగితే వెలిగాయిలే అని డయానా బోర్డు వైపు తిరిగేది.

విజయవాడలో ఆ డిగ్రీ కాలేజీకి బాటనీ ఇక బరువైపోయింది. రెండేళ్ళుగా కొత్తగా ఒక్కరూ చేరలేదు. ఇప్పుడు ఫైనలియర్‌లో ఉన్న పిల్లలే ఆఖరి బ్యాచి. వాళ్ళతో పాటు గెస్ట్ లెక్చరర్ డయానా కథ కూడా ముగియాలి. కానీ ప్రిన్సిపాల్ ఛాయాదేవి గారు ఒక మాటిచ్చారు. ఈ బ్యాచి ఏ గొడవా లేకుండా బయటపడితే, జూన్ నుంచి ఇదే యాజమాన్యం నడిపే ఇంటర్ కాలేజీలో పర్మనెంటు పోస్టు ఇప్పిస్తానని. ఏ గొడవా లేకుండా అన్న మాటను ఆవిడ రెండుసార్లు అన్నారు. డయానా ఆ మాట పట్టుకుని తెల్లవారుజామున కోచింగ్ సెంటర్లో క్లాసు, పగలు కాలేజీ, సాయంత్రం మళ్ళీ కోచింగ్ సెంటరు, ఇలా తిరుగుతూ బస్సు సీట్లో కూర్చోగానే నిద్రపోయే మనిషైంది.

ఆ గురువారం కూడా ఆమె లాబ్‌లోకి వచ్చేసరికి అటెండరు రత్తయ్య ట్రేలన్నీ సర్దేశాడు. కార్తీక మాసం. కలువపూలకు గిరాకీ ఉన్న రోజులు. నాలుగో ట్రేలో నీళ్ళు పోసి, గుండ్రటి పెద్ద ఆకు ఒకటి పరిచి, దాని మీద నీలం పువ్వు పెట్టాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. డయానా ఒక్కో ట్రే ముందూ అక్షరం రాసిన చీటీ పెట్టుకుంటూ పోయింది. వేరే కాలేజీ నుంచి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వచ్చిన వెంకటప్పయ్య గారు బీపీ మాత్ర వేసుకుని, మంచినీళ్ళు తాగి, వరసగా చూసుకుంటూ జవాబుల కాయితం రాశారు. నాలుగోదాని దగ్గర నీలం పువ్వుకేసి ఒకసారి చూసి నింఫియా నౌచాలి అని రాసేశారు. కింద ఆయనా సంతకం పెట్టారు, డయానా కూడా పెట్టింది. ఇద్దరిలో ఒక్కరూ ఆకు తిప్పలేదు.

పరీక్ష మొదలైంది. రత్తయ్య బల్ల గంట నొక్కుతున్నాడు, పిల్లలు జరుగుతున్నారు. డయానా కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని కళ్ళు తెరిచే కునుకు తీస్తోంది. అంతలో వెంకటప్పయ్య గారి గొంతు ఖంగుమంది.

“ఏయ్ అమ్మాయ్, చెయ్యి తియ్యి.”

నాలుగో ట్రే దగ్గర శ్రీదుర్గ ఉంది. ఆకును ఒక పక్కన పైకెత్తి, రెండు వేళ్ళతో అడుగున నెమ్మదిగా రాస్తోంది. ఆ అరుపుకి ఉలిక్కిపడి వదిలేస్తే ఆకు చప్పుడు చేస్తూ నీళ్ళలో పడింది, పువ్వు పక్కకి దొర్లింది. గది అంతా ఆగిపోయింది. రత్తయ్యకు గంట కొట్టాలో మానాలో తెలియలేదు.

శ్రీదుర్గ మంచి స్టూడెంటని ఎవరూ అనరు. మైలవరం నుంచి వస్తుంది, మొదటి పీరియడ్ ఎప్పుడూ సగమే వింటుంది. రికార్డు పక్కమ్మాయిది చూసి దించింది, బొమ్మల్లో తప్పులు కూడా యథాతథంగా దిగాయి. వైవాలో అడిగితే నేల చూపులు. మొహం ఎప్పుడూ ముడుచుకునే ఉంటుంది. కానీ పోయినేడు ఫీల్డ్ ట్రిప్పుకి తీసుకెళ్తే, అందరూ చెరువు గట్టున సెల్ఫీలు దిగుతుంటే ఈ పిల్ల ఒక్కతే మోకాలి లోతు నీళ్ళలో దిగి ఒక్కో ఆకూ తిప్పి చూసింది. ఆ రోజు డయానాకు ప్రాణం లేచొచ్చింది.

వెంకటప్పయ్య గారు ఆన్సర్ షీటు లాక్కుని చదివి డయానాను పిలిచారు. మీ స్టూడెంటు ఏం రాసిందో చూడండి అన్నారు. శ్రీదుర్గ తన గజిబిజి ఇంగ్లీషులో రాసిందేమిటంటే, ట్రేలో ఉన్నది ఒక మొక్క కాదు, పువ్వు నౌచాలిది, ఆకు ప్యూబిసెన్స్‌ది, ఆకు అంచుకి పళ్ళున్నాయి, అడుగున నూగుంది, అని. మిగతా అందరూ రాసింది నౌచాలి అని ఒకే మాట.

డయానా ట్రే దగ్గరికి వెళ్ళింది. వంగి చూడగానే అంచు కనబడింది. పళ్ళు. చూపుడువేలు ఆకు కిందికి పోనిచ్చింది. లేగదూడ చెవి మీద చెయ్యేసినట్టు మెత్తగా తగిలింది. ఆకును మెల్లగా నీళ్ళలోకి దించి, పువ్వును మళ్ళీ మధ్యకి జరిపి, వేలు చున్నీకి తుడుచుకుంది.

“ఏమంటారు మేడం?” అన్నారు వెంకటప్పయ్య గారు.

అందరూ తన వైపే చూస్తున్నారు. శ్రీదుర్గ కూడా.

“పరీక్ష కానివ్వండి సార్. తర్వాత మాట్లాడుకుందాం” అంది డయానా.

అది అబద్ధం కాదు. నిజమూ కాదు. రత్తయ్య గంట కొట్టాడు, పిల్లలు జరిగారు.

మధ్యాహ్నం మెస్ నుంచి వచ్చిన భోజనం ముందు పెట్టుకుని వెంకటప్పయ్య గారు రిపోర్టు రాయడం మొదలెట్టారు. ఆయన దుర్మార్గుడేం కాదు. పోయినేడు ఇంకో కాలేజీలో ఎవడో స్పాటర్‌ని నలిపేస్తే చూసీ చూడనట్టు ఊరుకున్నారట, మిగతా పిల్లలు యూనివర్సిటీకి కంప్లైంటు పెట్టారట, ఆయన నెలరోజులు వివరణలు రాసుకున్నారట. రిటైర్మెంటు దగ్గర్లో ఉంది, మళ్ళీ ఆ తలనొప్పి తనకొద్దన్నారు. ముట్టుకోవడం ఒకటైతే, ట్రేలో రెండు మొక్కలున్నాయనడం ఇంకొకటి. ఆ పిల్లే ఆకు మార్చేసి అలా రాసి ఉండొచ్చు కదా, రేపు మనల్నే అడుగుతారు అని ఆయన అనుమానం. అందుకని మాల్‌ప్రాక్టీసు కింద బుక్ చేస్తానన్నారు. సాక్షిగా డయానా సంతకం కావాలి.

మాల్‌ప్రాక్టీసంటే ఈ సెమిస్టరు పరీక్షలన్నీ రద్దు. పిల్ల మళ్ళీ ఏడాది ఆగి రాయాలి. ఆగితే ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంటు ఆగిపోతుంది. స్కూలు వ్యాను తోలే తండ్రి సొంతంగా కట్టి చదివించలేడు. చదువు అక్కడితో సరి. ఈ లెక్క డయానాకు క్షణంలో అర్థమైంది. రేపు మిగతా పిల్లల రెండో బ్యాచి పరీక్ష కూడా అయ్యాక శనివారం కవరు సీలు వేసేటప్పుడు సంతకాలన్నీ ఒకేసారి పెట్టుకుందాం సార్ అని మాత్రం అనగలిగింది. పప్పులో నెయ్యి చాలినట్టుంది, ఆయన సరేనన్నారు.

రత్తయ్య బల్ల సర్దుతుంటే డయానా వెళ్ళి ఆకు ఎక్కడిదని అడిగింది. అతను దాచలేదు, దాచాల్సిందేముందో అతనికి తెలియదు. ఎప్పుడూ పూలూ ఆకులూ తెచ్చే చెరువుని ప్లాట్ల కోసం మట్టి పోసి పూడ్చేశారు. బుధవారం సాయంత్రం గొల్లపూడి అవతల ఒక గుంట దగ్గరికి వెళ్తే ఆకులున్నాయి గానీ పువ్వు ఒక్కటీ విచ్చుకోలేదు, అన్నీ మొగ్గలే. చీకటిపడేదాకా ఆగితే విచ్చుకునేవని అతనికేం తెలుసు. అందుకని ఆకు అక్కడ కోసి, పువ్వు పొద్దున్నే పూల మార్కెట్లో కొనుక్కొచ్చాడు.

“కలవాకు తెమ్మన్నారు, కలవపువ్వు తెమ్మన్నారు. రెండూ తెచ్చాగా మేడం గారూ” అన్నాడు.

తప్పేముంది అతనిది. కలిపి పెట్టినవాడు రత్తయ్యే అయినా, చూసుకుని అక్షరం చీటీ పెట్టాల్సింది తనే. డయానాకు అతని మీద కోపం కూడా రాలేదు, కోపానికి ఓపిక కావాలి.

మెట్ల దగ్గర శ్రీదుర్గ కాచుకుని ఉంది. బస్సు ఒకటి వదిలేసినట్టుంది. దగ్గరికొచ్చి మొహం ముడుచుకునే అంది.

“నేనేం చెడగొట్టలేదు మేడం. తిప్పి చూశానంతే. మీరే చెప్పారుగా, తిప్పకుండా రాయొద్దని.”

డయానా ఆ పిల్ల భుజం మీద చెయ్యేసి ఇంటికెళ్ళమంది. నేను చూసుకుంటాలే అంది. ఏం చూసుకుంటుందో ఆమెకే తెలియదు. శ్రీదుర్గ ఇంకో మాట కోసం కాసేపు చూసి, రాకపోతే వెళ్ళిపోయింది.

భవానీపురంలో ఇంటికి చేరేసరికి తల్లి శౌరమ్మ జపమాల ముగించి టీవీ ముందు చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. పరీక్ష ఎలా అయిందని అడిగితే బాగా అయిందంది డయానా. జూన్ సంగతి ప్రిన్సిపాల్ గారు మళ్ళీ ఏమన్నా అన్నారా అని అడిగింది శౌరమ్మ. ఆవిడకు రోజూ ఇదే ప్రశ్న. పర్మనెంటయితే తెల్లారగట్ల బస్సులెక్కక్కర్లేదు కదే, కడుపునిండా నిద్రన్నా పోతావు అంది. డయానా చిక్కుడుకాయ ఒకటి తీసుకుని ఈనె లాగుతూ కూర్చుంది. నిజం చెప్తే ఏమవుతుందో ఆలోచించింది. ట్రే తప్పని ఒప్పుకుంటే ఆ ప్రశ్న బ్యాచికంతటికీ చెడుతుంది, కాలేజీ యూనివర్సిటీ కంట్లో పడుతుంది, ఛాయాదేవి గారు రెండుసార్లు అన్న మాట అక్కడే ఉంది. చెప్పకపోతే పిల్ల పోతుంది. ఈ రెండింటి మధ్య ఏదో సన్నని దారి ఉండకపోతుందా అని అలసిన బుర్రతో వెతికింది. అలాంటప్పుడు దొరికే దారులన్నీ తప్పుదారులే.

ఆమెకు తోచిందేమిటంటే, రేపు రెండో బ్యాచికి ట్రే సరిగ్గా పెట్టాలి. అదైతే తన చేతిలో పని. ఆ తర్వాత వెంకటప్పయ్య గారిని మెల్లగా బతిమాలి రిపోర్టు మాన్పించాలి. ఎవరి పరువూ పోదు.

శుక్రవారం కోచింగ్ సెంటరుకి తలనొప్పని ఫోన్ చేసి, ఆటో మాట్లాడుకుని ఇబ్రహీంపట్నం దాటి ఒక చెరువు దగ్గరికి వెళ్ళింది. నల్లకలువలు అక్కడున్నాయని ఆమెకు ముందే తెలుసు. ఎండ అప్పుడే నీళ్ళ మీద పడుతోంది. గట్టున చెప్పులు విడిచి, పైజామా మోకాళ్ళ దాకా మడిచి దిగింది. బురద చల్లగా కాలివేళ్ళ మధ్యకి వచ్చింది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని శౌరమ్మ అస్తమానం అంటుంది, కూతురు మాత్రం పనిగట్టుకుని తొక్కుతోంది. నీలం మొగ్గలు ఒక్కొక్కటీ విచ్చుకుంటున్నాయి. ఒకదాని రెక్కలు వేళ్ళతో విడదీసి చూసింది. లోపల కేసరాల కొసల్లో నీలంగా చిన్న నాలుకల్లాంటివి ఉన్నాయి, తెల్లకలువకు అవి ఉండవు. ఆకు తిప్పి తడిమింది. నున్నగా, తడిసిన రబ్బరులా ఉంది. కాడ పట్టుకుని నీళ్ళ అడుగుదాకా చెయ్యి పోనిచ్చి, ఆకూ పువ్వూ ఒకే దుంపవని చూసుకుని మరీ కోసింది. చాలా రోజుల తర్వాత ఒక పని సరిగ్గా చేస్తున్నట్టనిపించింది. సంతోషంగా కూడా అనిపించింది, ఆ సంతోషానికి సిగ్గేసింది.

లాబ్‌లో నిన్నటి ఆకు ఇంకా ట్రేలోనే ఉంది. అంచులు గోధుమరంగుకి తిరిగాయి. పేపర్ల మధ్య పెట్టి ఒత్తి ఆరబెడితే ఏళ్ళ తరబడి ఉంటుంది, నూగు కూడా పోదు. అది డయానాకు తెలుసు. బీరువాలో పాత పేపర్లు కూడా ఉన్నాయి. ఆకు చేతిలో పట్టుకుని ఒక క్షణం నిలబడింది. తర్వాత దాన్ని కుళ్ళిన కొమ్మలతో పాటు చెత్తబుట్టలో వేసి, ట్రేలో కొత్త నీళ్ళు పోసి, కొత్త ఆకు పరిచి, కొత్త పువ్వు పెట్టింది. రెండో బ్యాచి పిల్లలందరూ నౌచాలి అని రాశారు. ఈసారి అది నిజమే. పరీక్ష కాగానే వెంకటప్పయ్య గారితో మాట్లాడదామనుకుంటే ఆయన ఫోన్లో ఉన్నారు. సాయంత్రం క్లాసు కూడా ఎగ్గొడితే కోచింగ్ సెంటరు వాళ్ళు ఊరుకోరు. రేపు చూద్దాంలే అని ఆమె బస్సెక్కేసింది.

శనివారం మధ్యాహ్నం మార్కులు వేసి కూడికలు సరిచూసి, ప్రిన్సిపాల్ గదికి వెళ్ళబోతుంటే వరండాలో శ్రీదుర్గ కనబడింది. పక్కన తండ్రి. వ్యాను డ్రైవరు మాణిక్యం, ఖాకీ చొక్కా మీదే వచ్చాడు. డయానాను చూడగానే రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. చేతిలో సీతాఫలాల సంచి ఉంది.

“మీ దయ మేడం గారూ. పిల్లదాన్ని ఒడ్డున పడేశారు” అన్నాడు.

డయానాకు అర్థం కాలేదు. మాణిక్యమే చెప్పుకొచ్చాడు. నిన్న మూడింటప్పుడు ఫోనొస్తే వ్యాను ఇంకొకడికి అప్పగించి పరిగెత్తుకొచ్చాడట. ప్రిన్సిపాల్ గారు కూర్చోబెట్టి మాట్లాడారట. ఆడపిల్ల, భవిష్యత్తు పోతుంది, తప్పయిందని ఒక కాయితం రాసిచ్చేస్తే మాల్‌ప్రాక్టీసు ఉండదు, ఆ ఒక్క ప్రశ్నకి సున్నా వేసి వదిలేస్తాం అన్నారట. రాసిచ్చారు. ఇవాళ ఇంకో సంతకం ఏదో బాకీ ఉందంటే వచ్చారు. ఇదంతా మీరు వెనక నుంచి చెప్పబట్టే జరిగిందని మా అమ్మాయి అంది, చూసుకుంటానన్నారటగా అని మళ్ళీ దణ్ణం పెట్టాడు.

డయానా ఛాతీ మీంచి ఏదో బరువు దిగిపోయింది. అయిపోయింది. తను నోరు విప్పక్కర్లేదు. జూన్ అలాగే ఉంది. ఆమె శ్రీదుర్గ వైపు తిరిగి ఏదో మంచిమాట చెప్పబోయింది.

శ్రీదుర్గ తన చూపుడువేలినీ బొటనవేలినీ ఒకదానికొకటి రాసుకుంటోంది. మొహంలో ఎప్పుడూ ఉండే బిగువు లేదు. దాని చోట ఇంకేదో ఉంది, బెదిరినట్టుగా.

“ఏం రాశావమ్మా కాయితంలో?” అంది డయానా.

“తెలియక ముట్టుకున్నానని. నూగు లేకపోయినా ఉన్నట్టు రాశానని.” పిల్ల ఆగి, గొంతు తగ్గించింది. “సార్ నన్ను లాబ్‌లోకి తీసుకెళ్ళి ఆకు తిప్పి చూపించారు మేడం. పట్టుకుని చూడమన్నారు. నున్నగానే ఉంది. పళ్ళు కూడా లేవు. మరి ఆ రోజు నాకెలా తగిలింది మేడం? నేను నిజంగా తగిలిందనే రాశా. నాకేమన్నా తేడా చేసిందేమో.”

దానికేం తెలుస్తుంది మేడం, పరీక్ష భయంలో ఏదో అనుకుని ఉంటుంది అని తండ్రి ప్రిన్సిపాల్ గారికి సర్దిచెప్పాడట. ఇప్పుడు కూతురికి కూడా అదే చెబుతున్నాడు. పోనీలేవే, అయిపోయిందిగా అంటున్నాడు.

సార్ తిప్పి చూపించిన ఆకు ఏదో డయానాకు తెలుసు. తను తెల్లారే లేచి, బురదలో దిగి, ఏరి ఏరి కోసుకొచ్చిన ఆకు. చేసిన ఒక్క మంచిపనీ ఈ పిల్ల వేళ్ళ మీద దానికే నమ్మకం లేకుండా చేసింది. ఆ ఒక్క ప్రశ్న మార్కులు పోతే పోనీ. ఇక జన్మలో ఏ ఆకూ తిప్పి చూడదు, చూసినా నోరు విప్పి చెప్పదు. మాణిక్యాన్ని అక్కడే ఉండమని చెప్పి ఆమె తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

గదిలో ఛాయాదేవి గారు, వెంకటప్పయ్య గారు టీ తాగుతున్నారు. బల్ల మీద కవరూ, లక్కా, కొవ్వొత్తీ సిద్ధంగా ఉన్నాయి. డయానా కూర్చోలేదు. కూర్చుంటే మళ్ళీ ఆలోచన మొదలవుతుందని భయం. గురువారం ట్రేలో ఆకు ఒక మొక్కది, పువ్వు ఒక మొక్కది, ఆ అమ్మాయి రాసిందే సరైన జవాబు, శుక్రవారం ఆకు మార్చింది నేను, ఎవరికీ చెప్పలేదు అని గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. కావాలంటే ఇదంతా రాసి సంతకం పెడతానంది. చెబుతున్నంతసేపూ ఆమె చూపు కొవ్వొత్తి మీదే ఉంది.

అరుస్తారనుకుంది. వెంకటప్పయ్య గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“జవాబుల కాయితం మీద నా సంతకం కూడా ఉంది కదమ్మా” అన్నారు. “నేనూ చూసుకోలేదు. పువ్వు చూసి రాసేశాను.”

కట్టలోంచి శ్రీదుర్గ ఆన్సర్ షీటు వెతికి తీశారు. నింపాదిగా ఇంకోసారి చదివారు. సున్నా కొట్టేసి, పక్కన పూర్తి మార్కులు వేసి, పొట్టి సంతకం చేశారు. మొదటి బ్యాచిలో నౌచాలి అని రాసినవాళ్ళకూ మార్కులు ఉంచేద్దాం, పువ్వు వరకు వాళ్ళదీ తప్పు కాదు అన్నారు. జవాబుల కాయితం మీద రెండు పేర్లూ ఒప్పుకోవచ్చని ఒక ముక్క రాశారు, దాని మీద ఇద్దరూ సంతకాలు పెట్టారు. క్షమాపణ కాయితాన్ని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశారు. కప్పులో టీ ఇంకా వేడిగానే ఉంది.

“ఇంతే పని” అన్నారాయన, కోపం లేకుండానే. “గురువారం అక్కడికక్కడే ఒక్క మాట చెప్తే పోయేది. రెండురోజులు నేనూ నిద్రపోలేదు, ఆడపిల్ల ఉసురు పోసుకుంటున్నానని.”

డయానాకు కూర్చోవాలనిపించింది. ఎవరూ కూర్చోమనలేదు. ఛాయాదేవి గారు కప్పు పక్కన పెట్టారు.

“ఆ పిల్లా సంతోషంగానే ఉంది, వాళ్ళ నాన్నా సంతోషంగానే ఉన్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ డయానా గారూ?” అన్నారు. ఆ మాట నవ్వుతూనే అన్నారు. తర్వాత నవ్వు ఆపి, “జూన్ సంగతి ఇక నన్ను అడక్కండి. పరీక్షలో ఆకు మార్చిన మనిషికి నేను హామీ ఉండలేను” అన్నారు.

డయానా సరే మేడం అంది. అనుకున్నంత నొప్పి పుట్టలేదు. నొప్పి ఇంటికెళ్ళాక, శౌరమ్మ రోజూ అడిగే ప్రశ్న అడిగినప్పుడు పుడుతుందని ఆమెకు తెలుసు.

బయటికొచ్చి తండ్రీకూతుళ్ళిద్దరికీ ఉన్నదున్నట్టు చెప్పింది. నువ్వు రాసింది అక్షరాలా నిజం, నిన్న సార్ చూపించింది వేరే ఆకు, నీ వేళ్ళకు ఏ తేడా లేదు, ట్రే తప్పు పెట్టింది నేను, కాయితం చించేశారు, మార్కులు వేశారు. మాణిక్యానికి సగమే అర్థమైంది. అర్థమైన సగమూ మంచిదే కాబట్టి సీతాఫలాల సంచి డయానా చేతిలో పెట్టబోయాడు. కొండమీదవి, మాగపెట్టినవి కాదు మేడం గారూ, తీసుకోవాలి అన్నాడు.

శ్రీదుర్గ మొహం విప్పారింది. చూపుడువేలు ఎత్తి ఒకసారి చూసుకుంది. నవ్విందా అంటే నవ్వినట్టే ఉంది, ఈ మూడేళ్ళలో డయానా ఆ పిల్ల నవ్వు చూడటం అదే మొదలు. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు ఆ నవ్వు ఆగిపోయింది. కనుబొమలు దగ్గరికొచ్చాయి. లెక్క ఎక్కడో కుదరనప్పుడు పిల్లలు అలాగే చూస్తారు.

“మేడం” అంది. “గురువారం సార్ పిలిస్తే మీరొచ్చారు కదా. ఆకు కింద వేలు పెట్టి చూశారు కదా. అప్పుడు మీకు తగల్లేదా?”

మాణిక్యం సంచి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. లేదు అంటే సరిపోతుంది. హడావుడిలో సరిగ్గా చూడలేదమ్మా అంటే కూడా ఆ పిల్ల నమ్ముతుంది, నమ్మాలనే అడుగుతోంది.

“తగిలింది” అంది డయానా.

శ్రీదుర్గ తల ఊపింది. తండ్రి చేతిలోంచి సంచి తీసుకుని, మైలవరం బస్సు వచ్చే టైమైంది నాన్నా పద అంటూ మెట్లు దిగింది.